గంజి పెట్టిన రెక్క

మా అన్న బొంబాయిల ఫైబర్ పడవలు చేసే షెడ్డుల పని నేర్చి సిరిసిల్లకు వాపస్ అచ్చిండు. అక్కడ ఒక సేటు సొంత విమానానికి రెక్కలు చేపిచ్చుకున్నడట. అది సూసినకాంచి మా అన్నకు అదే పిచ్చి.

"మగ్గం మీద పుట్టినోనికి విమానమా?" అని నాయిన నేస్తున్న సాంచె మగ్గం బందువెట్టి మరీ నవ్విండు.

ముందుగాల రెక్కలు. థర్మకోల్ దిమ్మెను వేడి తీగతోని కోసి, మీద గాజునూలు గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పూసుడు, పొర మీద పొర. నాయిన ఆ గుడ్డను ఏళ్లతోని తడిమి, "మంచి నేత" అన్నడు. గంతే, మళ్ల నవ్వలే.

అన్న దిమ్మెల కోసం కోరుట్లకు పోయిన రోజు, గుడ్డ అంచులకు పోగులు ఊడుతున్నయని అమ్మ సూసింది. మా ఇండ్లల్ల నూలు ఊడితె ఏం జేస్తరు? గంజి పెడుతరు. పల్చగ కాచి, గుడ్డంత ముంచి, ఆరేసి, మడతవెట్టింది. అన్నకు చెప్పలే. చెప్పేటంత పెద్ద పనా అది!

ఆ గుడ్డతోని చేసిన రెక్క ఆరినంక అన్న గోరు పెడితె, అరటితొక్క లెక్క పొర లేసొచ్చింది. గంజికి రెసిన్ అంటనే లేదు.

"గంజి పెట్టకుంటె గుడ్డెట్ల నిలవడ్తది కొడకా?" అన్నది అమ్మ.

అన్న కడుపు పట్టుకొని నవ్విండు. అమ్మ ఏడ్సింది. మళ్ల గుడ్డ తెప్పిచ్చి, నెలలు పట్టి, ఇంకో రెక్క చేసిండు.

గవి నక్సలైట్ల దినాలు. ఎవడు చెప్పిండో, వాని నోట్ల మన్నువడ, అడవిలోల్లకు విమానం చేస్తుండని చెప్పిండు. పోలీసు జీపు అచ్చింది. అన్నను ఎక్కిచ్చుకొని పోయిండ్రు. ఇంటికాడ ఆగిన ఇద్దరు పోలీసులు తుపాకి మడమలతోని రెక్కలను కొట్టిండ్రు. గంజి రెక్క ఒక్క దెబ్బకే పెచ్చులూడింది. కొత్తది ఇరగలే. కొట్టి కొట్టి వాళ్లకే ఆయాసమచ్చింది. నేను, అమ్మ సూస్తనే ఉన్నం.

ఇడిచిపెట్టినంక అన్నను జగిత్యాల దవాఖానల పండవెట్టినం. వాళ్లు ఇరగ్గొట్టిన కుడిచేతి ఏళ్లు ఇగ సాగయని డాక్టర్లు అన్నరు. కండ్లు తెరిసి అన్న అడిగిన మొదటి మాట, "రెక్క ఇరిగిందా చెల్లె?"

"లేదే అన్నా. వాళ్లే అలిసిండ్రు."

మొఖమంత వెలిగిపోయింది. అటెన్క కట్టు కట్టిన చెయ్యి దిక్కు సూసుకొని, గోడకు తిరిగి పండుకున్నడు.

"నేను గంజి పెట్టకుంటె రెక్కలు ఎప్పుడో అయిపోతుండె. జీపు అచ్చేటాళ్లకు నా కొడుకు మీద ఆకాశంల ఉంటుండె" అనేది అమ్మ. కాదే అమ్మా అని ఎంత చెప్పినా ఇనలే. చచ్చేదాక ఇంట్ల ఏ గుడ్డకూ మళ్ల గంజి పెట్టలే.