బాతుల వెనకాల వచ్చిన ప్లగ్గు

ఆ రోజుల్లో మనిషి మొహం చూసి మనసులో మాట చెప్పేవాళ్లు ఊరికొకరు ఉండేవారుగానీ, స్పార్క్ ప్లగ్గు మొహం చూసి బండి కడుపులో బాధ చెప్పేవాణ్ణి తాడేపల్లిగూడెం మొత్తానికి నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం. (మా షెడ్డు మేస్త్రీ గారూ చెప్పగలరు. కాకపోతే ఆయన అడిగితేనే చెప్పేవారు, నేను అడక్కపోయినా చెప్పేవాణ్ణి. అందుకని పేరు నాకొచ్చింది.) ఎనిమిదో తరగతిలో చదువు నన్నొదిలేసి వెళ్లిపోయాక నేను చదివినవన్నీ ప్లగ్గులే. పొడిమసి పట్టి నల్లగా ఉందా, బండి పెట్రోలు ఎక్కువ తాగేస్తోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందా, పెట్రోలు చాలక లోపల కాలిపోతోంది. మంచి కాఫీ రంగులో ఉందా, దణ్ణం పెట్టి మళ్లీ బిగించెయ్యడమే. దీనికో షరతుంది. మేస్త్రీ గారు రోజూ అరిచేవారు. "బండిని బాగా పరిగెత్తించి, ఆ పరుగుమీదే ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పాలిరా! నత్తలా నడిచొచ్చిన బండి ప్లగ్గు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. దాన్ని నమ్మావంటే కొంప మునిగిపోద్ది." నేను "ఆయ్" అనేవాణ్ణి. అనడానికేముంది!

అలాంటి రోజుల్లో మా బాబాయి ముదినేపల్లి అవతల, కొల్లేటి అంచున ఉన్న ఊరి నుంచి నాకో సంబంధం తెచ్చాడు. అప్పటికే రెండు సంబంధాలవాళ్లు "షెడ్డులో పనాండీ?" అని నా చేతులకేసి చూసి తప్పుకున్నారు. ఈ అమ్మాయి ఫోటో చూసినప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. పెళ్లంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే, లేకపోతే ఇంజన్లతోనే నా సంసారం అని తేల్చుకున్నాను. చూపుల రోజు పొద్దున్నే కిరసనాయిలు, సబ్బుపొడి, ఇసుక కలిపి చేతులు తోమితే నలుపుతోపాటు తోలు కూడా కొంత పోయింది. (పోనీలెండి, తోలు మళ్లీ వస్తుంది.)

వెళ్లాం. సున్నుండలు, జంతికలు పెట్టారు. అమ్మాయి తండ్రి కొంచెం వరి, కొంచెం చేపల చెరువు ఉన్న పెద్దమనిషి. గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, మాటకి ముందొకటీ వెనకొకటీ 'అండి' తగిలించి మాట్లాడుతున్నారు. "ఏవండీ బాబూ, మీరు ప్లగ్గు చూసి అంతా చెప్పేస్తారంట గదండీ? మా బండి ఈమధ్య మరీ పొగ వదుల్తుందండి" అంటూ వాకిట్లోకెళ్లి, తన పాత టూ స్ట్రోక్ బండి ప్లగ్గు స్వయంగా విప్పి, స్టీలు ప్లేటులో పెట్టి తెచ్చి సున్నుండల పక్కన పెట్టారు. అమ్మాయికంటే ముందు ప్లగ్గుని చూపించిన పెళ్లిచూపులు ఈ భూమ్మీద నాకే జరిగి ఉంటాయి.

చూశాను. పెనం అడుగులా ఉంది. బండిని ఓసారి పరిగెత్తించి చూద్దామని లేవబోతే బాబాయి నా మోకాలు నొక్కిపట్టాడు. "కదిలావంటే చంపేస్తాను. పెళ్లికొడుకు బండెక్కి రయ్యిమని పోతే, అమ్మాయిని చూడకుండానే పారిపోయాడంటారు ఊళ్లో!" న్యాయమే. అందుకని కూర్చున్నచోటే జాతకం చెప్పేశాను. "పెట్రోలు ఎక్కువ వెళ్తోందండి, ఐదు నిమిషాల పని." వాకిట్లోనే కార్బొరేటర్ విప్పి, నీడిల్ ఒక గాడి కిందికి దించి, పెట్రోలు తగ్గించి, మసి తుడిచిన ప్లగ్గు బిగించాను. తోలు ఊడేలా తోమిన చేతులు మళ్లీ మామూలైపోయాయి. పెద్దాయన ముచ్చటపడిపోయి "ఒక్క రౌండేసొస్తానండి. ఈలోగా కాఫీలు కలపండే!" అని లోపలికి కేకేసి బండెక్కారు.

కొల్లేటి పక్క ఊళ్లలో చూపుకీ చెవికీ అడ్డేమీ ఉండదు. బండి చప్పుడు చెరువుల మీదుగా సన్నగా, కమ్మగా వినిపిస్తోంది. బాబాయి నాకేసి గర్వంగా చూశాడు. చప్పుడు ఇంకా జోరెక్కింది. తర్వాత కీచుమని ఒక్క అరుపు. ఆ తర్వాత బాతుల అరుపులు తప్ప ఏమీ లేదు. నేను సున్నుండ వదిలేసి లేచి నిలబడ్డాను.

చాలాసేపటికి ఆయన బండి తోసుకుంటూ వచ్చారు. తెల్లచొక్కా సగం బురద, భుజం మీద కండువాలా కాలవలో పెరిగే గుర్రపుడెక్క. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పెట్రోలు చాలక ఇంజన్ పట్టేసిందండి బాబూ. చక్రం బిగుసుకుపోయి కాలవలోకి దిగానండి. పొగ మాత్రం ఇప్పుడసలు రావట్లేదండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే అమ్మాయి కాఫీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోకొచ్చింది. నాకేసి చూడలేదు. బండికేసి చూసి, మెల్లిగా తండ్రితో అంది. "నాన్నా, పొద్దున్న చెరువు దగ్గర్నుంచి బాతుల మంద వెనకాల గట్టు పొడుగునా ఫస్ట్ గేర్లోనే వచ్చారు గదా. మరి ప్లగ్గు నల్లగా ఉండకేం చేస్తుంది?"

నా గుండె కూడా అక్కడే పట్టేసింది. మేస్త్రీ గారు నాకు అరిచి అరిచి చెప్పిన ముక్క ఈ పిల్లకి ఎవరూ చెప్పకుండానే తెలుసు! ఈ లోకంలో నాకోసమే పుట్టిన మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది, నేనేమో నల్లచేతులు వెనక దాచుకుని నిలబడ్డాను. పెద్దాయన గుర్రపుడెక్క తీసి పక్కన పడేసి, "కాఫీలు లోపలికి పట్టుకెళ్లమ్మా" అన్నారు. పళ్లెం వెనక్కి తిరిగింది. తిరిగేటప్పుడు చూశాను, కాఫీ సరిగ్గా మంచి ప్లగ్గు రంగులో ఉంది.

తర్వాత వాళ్ల తరఫు మధ్యవర్తి పెద్దాయన మాటగా కబురు తెచ్చాడు. "కుర్రోడు మంచోడేనండి. కాకపోతే పొగొస్తుందంటే ఇంజనే ఆపేశాడు, రేపు మా అమ్మాయి ఏదైనా బాధ చెప్పుకుంటే ఏం చేస్తాడోనని భయవండి." ఆ ఇంజన్ని మాత్రం గూడెం తెచ్చి, సిలిండర్ బోరింగ్ చేయించి, కాఫీ రంగు ప్లగ్గుతో తిప్పి పంపాను. బండి తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు.

ఇప్పుడు ఏలూరులో నాకో సొంత షెడ్డుంది. ప్లగ్గే లేని కరెంటు బళ్లొచ్చి, నా చదువు రెండోసారి కూడా నన్నొదిలేసేలా ఉంది. మా ఆవిడకి ఈ కథంతా తెలుసు. (అందుకే మా ఇంట్లో టీ తప్ప కాఫీ కాచరు.) ఎప్పుడైనా ఓ పాత బండిని బైపాసు మీద బాగా పరిగెత్తించి, ఆపి, ప్లగ్గు విప్పితే, అది కాఫీ రంగులో పొగలు కక్కుతూ చేతిగుడ్డలోకి వస్తుంది, నేను గ్లాసులా పట్టుకుని ఊదుతాను. మొన్నొకాయన అడిగారు. "మసేం లేదు కదండీ, ఎందుకలా ఊదుతున్నారు?"

"వేడిగా ఉందండీ" అన్నాను.