బావగారు కప్పిన మట్టి

మా అక్క మొగుడంటే నాకు పడదు. పెళ్లినాటి నుంచీ పడదు. ఆయన ఏదో ఒకటి అంటాడు, నేను కస్సుమంటాను, ఆయన పక్కవాళ్లని పిలిచి మరీ చూపిస్తాడు, "చూశారా, మా మరదలికి కోపమొచ్చింది" అని. బావామరదళ్ల మధ్య కోపాన్ని మనవాళ్లెవరూ కోపం అనుకోరు, వేళాకోళం కింద జమకట్టేస్తారు. పాతికేళ్లుగా నేను మనస్ఫూర్తిగా తిట్టిన తిట్లన్నీ అలా నవ్వుల్లో కలిసిపోయాయి.

ఆయన మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో డాక్టరు. మేం టాస్మేనియాలో ఉంటాం, హోబార్ట్ దాటి ఇంకా దక్షిణానికి. రాళ్ల కొండవాలు మీద కాస్త అడవి కొనుక్కున్నాం, దాని కింద మా చెక్క ఇల్లు. ఆ అడవిని కొన్నది ఒక్క చెట్టు కోసం. మిర్టిల్ అంటారిక్కడ. మా ఆయనా నేనూ చెరోవైపు చేతులు చాచినా దాని కాండం చుట్టూ అందేది కాదు.

ఆ చెట్టు కింద మట్టి లేదు. నేను స్కూల్లో సైన్సు టీచర్ని, ఇది చెప్పకుండా ముందుకు పోలేను. బండ మీద ఆకులు రాలతాయి. సముద్రపు గాలి తడికీ చలికీ అవి తొందరగా కుళ్లవు. వాటి మీద ఇంకో ఏడాది ఆకులు, వాటి మీద నాచు, మధ్యలో వేళ్లు. అలా ఎన్ని వందల ఏళ్లకో మోచెయ్యి లోతున నల్లటి పొర తయారవుతుంది. పిడికెడు తీసి పిండితే నీళ్లు కారతాయి, ఆరబెడితే పీచు మిగులుతుంది. ఇసుక రేణువు కూడా ఉండదు. ఆ పొర కిందంతా రాయే. అంత చెట్టూ తను రాల్చుకున్న ఆకుల మీదే నిలబడింది.

కార్తీకంలో వనభోజనాలకని అక్కావాళ్లు వచ్చారు. ఇక్కడ ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది, మిర్టిల్ కిందే కూర్చుందామంది అక్క. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు, నాచు అంచులు అప్పడాల్లా విరుగుతున్నాయి. అందుకే వంటంతా ఇంట్లో చేసి గిన్నెలు పైకి మోశాం.

"పైన నిప్పు మాత్రం వద్దు బావగారూ. ఆ నేల మండుతుంది" అని బయల్దేరేముందే చెప్పాను.

"నేల మండటమేమిటమ్మా! టీచరమ్మ పాఠం మొదలెట్టింది, అందరూ చేతులు కట్టుకోండర్రా" అన్నాడు. అందరూ నవ్వారు.

పైకెళ్లాక చూస్తే మజ్జిగ గిన్నె లేదు. ఇంట్లో మర్చిపోయామని నేనూ అక్కా కిందికి దిగాం. తిరిగొచ్చేసరికి చెట్టు మొదట్లో మూడు రాళ్లు, వాటి మీద వేడిచెయ్యడానికి పెట్టిన పరవాన్నం గిన్నె. వనభోజనమంటే పొయ్యి వెలగాలట, ఆయన పట్టుబట్టాడట. మా ఆయన వద్దన్నా వినలేదట. నన్ను చూడగానే, "కంగారు పడకు, ఆర్పేశాను. జానెడు మందాన మట్టి కప్పాను" అన్నాడు గొప్పగా.

మన ఊళ్లలో అందరం అలాగే ఆర్పుతాం, నిజమే. కానీ ఆయన రెండు చేతులా తవ్వి కప్పింది ఆ ఎండిన ఆకుల పొరని. నిప్పుల మీద పిడకలు పేర్చినట్టే.

చేతిలో ఉన్న మజ్జిగ మొత్తం దాని మీద గుమ్మరించాను. తర్వాత తాగే నీళ్లు. అవీ చాలక ముక్కల పులుసు. గరిటెతో తవ్వుతుంటే లోపల వేళ్లు ఎర్రగా రాజుకుని ఉన్నాయి.

"పిచ్చెక్కిందా నీకు? పండగపూట తిండి మీదా నీ కోపం!" అని అక్క అరిచింది.

"పిన్నీ, ఇట్స్ జస్ట్ డర్ట్" అంది వాళ్లమ్మాయి.

బావగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరదలు మజ్జిగతో అభిషేకం చేస్తోంది, వీడియో తియ్యండి!"

"నవ్వకండి. ఈ చెట్టు పోతే మిమ్మల్ని నా గడప తొక్కనివ్వను" అన్నాను. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు.

మా ఆయన ఇంటి దగ్గర్నుంచి పైపు లాగి సాయంత్రం దాకా తడిపాడు. పొగ ఆగింది. వాళ్లు విమానమెక్కి వెళ్లిపోయారు. వారం తిరక్కుండానే ఎదుటి కొండ మీదాయన ఫోన్ చేసి, మీ వాలులో సన్నగా పొగ లేస్తోందన్నాడు. మంటలేమీ లేవు. నిప్పు రాతి సందుల్లో వేళ్లు పట్టుకుని లోలోపలే పాకిపోయింది. ఫైర్ వాలంటీర్లు వచ్చి పెద్ద గొట్టాలతో బండ తేలేదాకా కొట్టారు. నిప్పు ఆరింది, కాలగా మిగిలిన పొర కూడా ఆ నీళ్లతోనే కిందికి కొట్టుకుపోయింది. చెట్టుకి ఒక్క ఆకు మాడలేదు. ఆ మర్నాడు, గాలైనా లేని మధ్యాహ్నం, పచ్చగా ఉండగానే పక్కకి ఒరిగి పడిపోయింది. నేను దాని పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్కకి ఫోన్ చేస్తే, "పోన్లేవే, చెట్టే కదా, ఇల్లు కాలలేదు" అంది. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది, "మజ్జిగ చాల్లేదేమో అడుగు!"

ఏడాది మాట్లాడలేదు. మళ్లీ కార్తీకం వచ్చేసరికి అక్క బతిమాలింది. రమ్మన్నాను. ఆయనకి కాఫీ కూడా ఇవ్వకుండా తిన్నగా పైకి తీసుకెళ్లాను.

ఆయన చుట్టూ చూశాడు. "ఇది ఆ చోటు కాదమ్మా. అక్కడ అడుగేస్తే పరుపులా మెత్తగా ఉండేది."

"ఇదే."

పడిపోయిన కాండం పక్కనే ఉంది. దాని చుట్టూ కడిగిన గచ్చులా తెల్లటి బండ. కాసేపు దానికేసే చూసి, "మరి మట్టేది?" అన్నాడు.

"మీరు నిప్పు మీద కప్పారుగా బావగారూ."

ఆయన మోకాళ్ల మీద వంగి, అరచేత్తో బండని రాశాడు. లేచి అన్నాడు, "నర్సరీల్లో గార్డెన్ సాయిల్ అమ్ముతారు. రెండు ట్రక్కులు పంపిస్తానమ్మా. ఎంతైనా ఫరవాలేదు. కొత్త మొక్క పెట్టుకుందువు గాని."

పాతికేళ్లలో మొదటిసారి ఆయన మాటకి పగలబడి నవ్వాను. జోకు వెయ్యలేదని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు.