ఒక్క గడీ ఖాళీ లేని చార్టు

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉంది. వచ్చినవాళ్లు పేరు, ఫ్లాటు నంబరు, లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం రాయాలి. మొన్న మా బావమరిది వస్తే సెక్యూరిటీ అతను నాలుగు గడులూ అప్పుడే రాయించుకున్నాడట. వెళ్లే టైము ఇప్పుడే ఎలా తెలుస్తుందని అడిగితే, "ఏదో ఒకటి రాయండి సార్, ఖాళీగా ఉంటే సూపర్‌వైజరు ఒప్పుకోడు" అన్నాడట. మా బావమరిది ఐదున్నర అని రాశాడు. ఏడింటికి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. కాగితం ప్రకారం ఆయన వెళ్లిపోయి గంటన్నర అయింది కాబట్టి రెండోసారి పప్పు వడ్డించనక్కర్లేదని నేనన్నాను. మా ఆవిడ నవ్వలేదు. మర్నాడు అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదుల పుస్తకం తెరిచాను. ఆ పేజీలో ‘పరిష్కరించిన తేదీ’ అన్న గడులన్నీ అప్పటికే నింపి ఉన్నాయి.

ఇంత చిన్న విషయాన్ని నేను ఇంతగా పట్టించుకోవడానికి ఒక పాత ఫైలు కారణం.

1996 జూలైలో నన్ను అనంతపురం బ్రాంచి నుంచి బెంగళూరు డివిజనల్ ఆఫీసుకు, క్లెయిముల విభాగానికి బదిలీ చేశారు. మాది ప్రభుత్వ రంగంలోని సాధారణ బీమా కంపెనీ. లారీలు, గోదాములు, వేరుశనగ బస్తాలు, పెళ్లికి వెళ్తూ బోల్తాపడ్డ వ్యాన్లు మా వ్యాపారం. నా హోదా అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. అంటే గుమాస్తాలు నన్ను చూసి లేచి నిలబడరు, మేనేజరు నన్ను చూసి కూర్చోమనడు.

డాక్టర్లు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తారని కోర్టులు తేల్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. దాంతో నర్సింగ్ హోములన్నీ ఇండెమ్నిటీ పాలసీలు తీసుకోవడం మొదలుపెట్టాయి. వైద్యంలో పొరపాటు జరిగి రోగి పరిహారం అడిగితే, డాక్టరు తరఫున కేసు నడిపి, ఓడితే డబ్బు కట్టేది మేము. ఈ క్లెయిములు ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మా డివిజనల్ మేనేజరు నన్ను పిలిచి డిగ్రీలో ఏం చదివావని అడిగారు. జువాలజీ అన్నాను. "కప్పను కోసినవాడివి, కేసు షీటు చదవలేవా?" అన్నారు. వైద్య నిపుణుడిగా నా నియామకం అంతటితో పూర్తయింది.

1997 మార్చిలో ఈ ఫైలు వచ్చింది. యలహంక వైపు ఒక నర్సింగ్ హోములో రెండేళ్ల క్రితం ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ఆటోలో పిల్లల ఆసుపత్రికి పరుగెత్తించారు. ప్రాణం నిలిచింది కానీ కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చిందని అక్కడి డాక్టర్లు రాశారు. అంటే మెదడు చెప్పిన మాట కాళ్లూ చేతులూ సరిగా వినవు, కండరాలు బిగుసుకుపోతాయి. నొప్పులు పడుతున్నంతసేపూ లోపలి బిడ్డ పరిస్థితి ఎవరూ చూడలేదని తల్లిదండ్రులు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశారు. నర్సింగ్ హోము ఇచ్చిన జవాబు ఒక్కటే: ప్రతి అరగంటకూ బిడ్డ గుండెచప్పుడు విన్నాం, చివరిదాకా బాగానే ఉంది, కాబట్టి ఆ లోపం అంతకుముందే, గర్భంలోనే వచ్చి ఉంటుంది.

నా పని ఆ నర్సింగ్ హోముకు వెళ్లి ఒరిజినల్ కేసు షీటు స్వాధీనం చేసుకుని, సిబ్బందితో మాట్లాడి, రిపోర్టు ఇవ్వడం. కాన్పుల గది చార్టు చూసి ముచ్చటపడ్డాను. నా సర్వీసులో అంత శుభ్రమైన కాగితం చూడలేదు. ఉదయం తొమ్మిది మొదలు అరగంటకొక గడి. ప్రతి గడిలోనూ నిమిషానికి నూటనలభై, క్రమంగా ఉంది అని రాసి ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు, కొట్టివేత లేదు. పదింటికి నూటనలభై. ఒంటిగంటకు నూటనలభై. రెండింటికి, రెండున్నరకు, మూడింటికి నూటనలభై.

తర్వాత జననాల రిజిస్టరు తెరిచాను. బిడ్డ పుట్టిన సమయం మధ్యాహ్నం రెండూ పది.

నేను కప్పల దగ్గర ఆగిపోయినవాణ్ని, నిజమే. అయినా పుట్టి బయటికొచ్చిన బిడ్డ గుండె మరో యాభై నిమిషాలు తల్లి కడుపులో క్రమంగా కొట్టుకోవడం మా సిలబస్‌లో లేదు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు పేరు సుగుణ, కోలారు వైపు మనిషి. ఆమె దేన్నీ దాచలేదు. దాచాల్సింది ఉందని ఆమెకు తెలిస్తే కదా. ఆమె షిఫ్టు రెండింటిదాకా. డాక్టరమ్మ పన్నెండింటికి రౌండుకు వస్తారు. ఆ లోపల షిఫ్టు చివరిదాకా ఉన్న గడులు నింపేసి, తర్వాత వచ్చే అమ్మాయి ఆలస్యమైతే ఇబ్బంది కాకుండా ఒకటి రెండు ఎక్కువే నింపి పెట్టేదట. ఆమెకు ముందు పనిచేసినవాళ్లూ అంతేనట.

"ఖాళీగా ఉంటే డాక్టరమ్మ బైతారు సార్, ఒకటే తిట్లు. మూడు కాన్పులు, బయట ఇంజెక్షన్ల క్యూ, నేనొక్కదాన్నే. ఎన్నని వినేది?"

వినకుండా నూటనలభై అని ఎలా తెలుసని అడిగాను.

"పాపల గుండె ఎప్పుడూ అంతే ఉంటాది గదా సార్," అంది.

గుండెచప్పుడు వినే సాధనం చూపించమన్నాను. పొట్ట మీద ఆనించి చెవి పెట్టుకునే చిన్న బూర లాంటిది. తలుపు వెనక మేకుకు ఉంది. దాన్ని తీయడానికి ఆమె ముందు నేల తుడిచే కర్రను, తర్వాత ఒక బకెట్‌ను పక్కకు జరపాల్సి వచ్చింది.

నాలుగు పేజీల రిపోర్టు రాశాను. మూడో పేరాలో రెండూ పది, రెండున్నర, మూడు పక్కపక్కనే రాసి, ఈ అలవాటు ఆ ఒక్క నర్సుది కాదు, ఆ నర్సింగ్ హోముది అని చేర్చాను. మేనేజరు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇది ఇంకెవరైనా చూశారా?"

లేదన్నాను.

"అయితే ఫైల్లో పెట్టు."

మా వృత్తిలో దర్యాప్తు రిపోర్టు రహస్య పత్రం. కంపెనీ తన లాయరు కోసం రాయించుకునేది, అవతలివాళ్లకు ఇవ్వనక్కర్లేదు. మా ప్యానెల్ లాయరు, అంటే కంపెనీ కేసులు చూసే జాబితాలోని వకీలు, ఒక సూత్రం చెప్పేవారు: అడిగింది దాచం, అడగనిది ఇవ్వం. తల్లిదండ్రులు రికార్డులు అడిగినప్పుడు నర్సింగ్ హోము వాళ్లకు టైపు చేసిన ఒక పేజీ సారాంశం ఇచ్చింది. ‘కాన్పు వరకు గుండెచప్పుడు క్రమంగా ఉంది’ అని అందులో ఒక వాక్యం. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వాళ్ల లాయరు కేసు షీటంటే ఆ ఒక్క పేజీయే అనుకున్నాడు. చార్టు అనేది ఒకటుందని తెలియనివాడు దాన్ని ఎలా అడుగుతాడు?

కేసు వాయిదాల మీద పడింది. కమిషన్ ఎప్పుడైనా అడగవచ్చు కాబట్టి ప్రతి వాయిదాకూ ఒరిజినల్స్ తీసుకుని నేను హాజరు కావాలి. వరండాలో గోడవార ఒకే ఒక బెంచీ. దాని మీద ఈ చివర ఫైలుతో నేను, ఆ చివర ఒళ్లో పిల్లతో తల్లి నాగరత్నమ్మ, పక్కన నిలబడి భర్త వెంకటేశప్ప. ఆయన యలహంకలో తలుపు చట్రాలు చేసే షెడ్డులో వడ్రంగి. సొంతూరు బాగేపల్లి దగ్గర.

మొదటి వాయిదాలోనే ఆమె నన్ను ఏ ఊరని అడిగింది. అనంతపురం అన్నాను.

"అట్లయితే మనోళ్లే."

"నేను అవతలి పార్టీ అమ్మా," అన్నాను. చెప్పడం ధర్మం కదా.

"ఉండనీ సార్. బెంచీ ఒకటే గదా," అని పిల్లను సర్దుకుని నాకు ఇంకాస్త చోటిచ్చింది.

పిల్ల పేరు పవిత్ర. నాకు తెలియని శాస్త్రమంతా ఆ తల్లి దగ్గర ఉంది. బిగుసుకున్న కాలును ఎలా వంచాలి, ఎప్పుడు వంచకూడదు, మెడ వాలినప్పుడు ఏ వైపు నుంచి అన్నం పెడితే పొలమారదు. రోజూ ఫిజియోథెరపీ చేయించాలని, అదీ ఐదేళ్లు నిండేలోపల చేస్తేనే కాళ్లు నిలిచే ఆశ ఉంటుందని డాక్టర్లు చెప్పారట. వీళ్లు వారానికి రెండుసార్లు తీసుకెళ్లగలుగుతున్నారు. ఇంకోసారి వెళ్లాలంటే వెంకటేశప్ప ఇంకో రోజు పని మానాలి. ఈ కేసు త్వరగా తేలితే రోజూ వెళ్లొచ్చని ఆమె ఆలోచన. న్యాయం, శిక్ష వంటి మాటలు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ వారానికి ఎన్ని రోజులన్న లెక్కే.

వాయిదాలు సాగాయి. ఒకసారి మెంబరు సెలవు, ఒకసారి మా లాయరుకు జ్వరం, ఒకసారి వాళ్ల లాయరు వేరే కోర్టులో. నాకు టి.ఏ. బిల్లులు క్రమంగా మంజూరయ్యాయి.

మూడో సంవత్సరంలో ఒక రోజు పవిత్ర నా ఫైలుకు కట్టిన ఎర్ర దారాన్ని పట్టుకుంది. బిగిసిన పిడికిలి విప్పడం పెద్దవాళ్లకూ అంత తేలిక కాదు. లాగకూడదట. బొటనవేలి మొదట్లో నెమ్మదిగా నొక్కి ఉంచితే దానంతటదే విచ్చుకుంటుందట. ఆమె చెప్పినట్టు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఆ తీరికలో ఆమె అడిగింది.

"ఏముండాది సార్ దీంట్లో? మూడేండ్లుగా బిడ్డను మోసినట్ల మోస్తాండారు."

"ఒరిజినల్ కేసు షీటమ్మా."

"మా లాయరు తాన ఉండేది?"

"అది సారాంశం."

అంతే అన్నాను. పిడికిలి విచ్చుకుంది, దారం తీసుకున్నాను. అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద అని ఆ రోజుకు నాకు నేను చెప్పుకున్నాను. ప్యానెల్ లాయరు సూత్రాన్ని కూడా నేనేమీ అతిక్రమించలేదు. అడిగింది దాచలేదు.

తర్వాతి వాయిదాలో వాళ్ల లాయరు ఒరిజినల్స్ చూపించాలని దరఖాస్తు పెట్టాడు. కమిషన్ ఒప్పుకుంది. రిజిస్ట్రారు గదిలో తనిఖీ. ఇటు మా లాయరు, నేను. అటు వాళ్ల లాయరు, భార్యాభర్తలు. కుర్రలాయరు డాక్టరమ్మ రాతలోని పెద్ద పెద్ద మాటల కోసం పేజీలు తిప్పుతున్నాడు. చార్టు వచ్చింది. అన్నీ నూటనలభైలే కనబడేసరికి అలాగే తిప్పేయబోయాడు. నాగరత్నమ్మకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. పేజీ మీద వేలు పెట్టింది.

"ఈడ రెండున్నర అని ఉండాది. ఏమది?"

"గుండెచప్పుడమ్మా. నార్మలే," అన్నాడు లాయరు.

"ఎవురి గుండె?"

"పాపదే. కడుపులో ఉన్నప్పుడు."

"రెండున్నరకా?" అంది ఆమె. "రెండున్నరకు పాప ఆటోలో ఉండె గదప్పా, మా అత్త ఒళ్లో. హెబ్బాళ దాటతా ఉండిరి."

కుర్రలాయరు పేజీని వెనక్కి తిప్పి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు, ఈసారి అంకెలు మాత్రమే. మా లాయరు పెన్నుకు మూత పెట్టారు. ఆయన పెన్నుకు మూత పెట్టడమంటే మా ఆఫీసులో అందరికీ తెలుసు, కేసు అయిపోయిందని అర్థం.

ఆ చార్టు ఒక్కటే నర్సింగ్ హోముకు ఆధారం. అది వినకుండా రాసిందని తేలాక, ఎవరూ వినలేదన్న ఫిర్యాదుకు అదే సాక్ష్యమైంది. మా మేనేజరు రాజీకి అనుమతి తెప్పించారు. ఉమ్మడి మెమో వేశాం. కమిషన్ దాన్ని ఆమోదించి, పరిహారం పిల్ల పేరిట బ్యాంకులో ఉంచాలని, వైద్యానికి నెలనెలా తీసుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. నర్సింగ్ హోము సుగుణను తీసేసింది. చార్టులు మాత్రం మార్చలేదని తర్వాత ఇంకో క్లెయిములో వెళ్లినప్పుడు చూశాను. ఈసారి కొన్ని గడుల్లో నూటముప్పైఎనిమిది అని రాశారు. అదొక అభివృద్ధి.

ఈ ఫైలు నాకు రెండు విషయాలు నేర్పింది. అప్పటిదాకా నేను రికార్డుల్లో ఖాళీలు వెతికేవాణ్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నిండుగా ఉన్న పేజీలే ముందు చదివాను, ఎక్కువ తప్పులు అక్కడే దొరికాయి. రెండోది, ఒక నిజాన్ని ఫైల్లో రాసి పెట్టడం వేరు, దాన్ని ఎవరికైనా చెప్పడం వేరు. మూడో పేరా రాసిన రోజున ఆ రెండూ ఒకటే అనుకున్నాను. పని అయిపోయిందనుకుని ఆ సాయంత్రం కాఫీ కూడా తాగాను.

2000 సంవత్సరంలో ఆ దంపతులు డిశ్చార్జి వోచరు మీద సంతకం చేయడానికి మా ఆఫీసుకు వచ్చారు. ఇక ఈ విషయంలో కంపెనీ మీద మాకు క్లెయిము లేదని రెవెన్యూ స్టాంపు మీద చేసే సంతకం అది. వోచరు నేనే నింపాను. పిల్ల వయసు అన్న గడి దగ్గర ఆగి అడిగాను.

"ఐదు నిండె సార్, పోయిన వారం," అంది నాగరత్నమ్మ.

ఐదు అని రాశాను. వెంకటేశప్ప సంతకం చేశాడు. ఆమె కూడా నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం గీసి, కాగితం నా వైపు తోసి, పెన్ను మాత్రం చేతిలోనే ఉంచుకుంది.

"ఆ రెండున్నర సంగతి మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

అది ఆఫీసు రహస్యమని చెప్పవచ్చు, చెప్పినా తప్పు పట్టేవాళ్లు లేరు. మొదటి రోజే అని చెప్పాను.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది.

"అయితే మూడేండ్లు ఆ బెంచీ మీద నా పక్కన నువ్వు ఊరికే కూర్చోనుంటివి."