ఖాళీ చోటు చెప్పిన జవాబు

కార్ఖానాలో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు, ఎదురుగానే అంటారు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషి. ఆమెకు తగ్గ పనే దొరికింది. ఆస్పత్రుల్లో రోగికి చుక్కచుక్కగా మందెక్కించే పంపులకు ప్రోగ్రాం రాస్తుంది. పంపు ఆన్ చేయగానే ఆ ప్రోగ్రాం ముందుగా ఒక చిప్పును వెతుకుతుంది. గొట్టంలో గాలి చేరినా, మందు అయిపోయినా, జరుగుతున్న పనిని ఆపించి అలారం మోగించేది ఆ చిప్పే. చిప్పు ఉందని కాగితాలు చెబితే అక్క నమ్మదు. అందులో ఒక అంకె రాయించి, వెంటనే చదివిస్తుంది. రాసిందే తిరిగొస్తే చిప్పు ఉన్నట్టు. ఎనిమిదేళ్లుగా ఇదే పరీక్ష. లోకంలో ఆమె అనుమానించనిది ఇదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఒక పంపు బోర్డు ఆ పరీక్ష నెగ్గింది గానీ, గొట్టంలోకి గాలి పంపి చూస్తే అలారం మోగలేదు. అక్క తిన్నగా, బోర్డులకు చిప్పులు అతికించే బాబాయి సోల్డరింగు బల్ల దగ్గరికి నడిచింది.

"బాబాయ్, కునుకు తీస్తూ అతికించావా దీన్ని?"

బాబాయికి ఒళ్లు మండింది. బోర్డు లాక్కుని భూతద్దం కింద పెట్టాడు. "నువ్వే చూడు తల్లీ! చిప్పులు అయిపోయాయని దీన్ని సగంలో పక్కన పెట్టా, పరీక్షకు ఎవరు పట్టుకెళ్లారో! అసలు చిప్పే లేదిక్కడ."

ఇప్పుడే పీకేశాడేమో అనుకుంది అక్క. వేడి తగిలిన జాడ కోసం వెతికింది, లేదు. మళ్లీ ఆన్ చేసింది. "చిప్పు ఉంది" అంది తెర, సిగ్గు లేకుండా.

అప్పుడు తట్టింది. రాసిన అంకె తీగల మీద క్షణంపాటు నిలుస్తుంది. వెంటనే చదివితే అదే తిరిగొస్తుంది. ఖాళీ గదిలో కేకేసి, తన గొంతే విని, లోపల ఎవరో ఉన్నారనుకున్నట్టయింది. చదివే ముందు మరోచోట వేరే అంకె రాయించి చూసింది. ఈసారి "చిప్పు లేదు" అని వచ్చింది.

పది పంపుల్లో ఒకదానికే అలారం మోగించి చూస్తారు. మిగతావాటికి అక్క పరీక్షే హామీ. అలా ఆమె సంతకంతో వెళ్లిన పంపులు రెండొందలు.

అక్క అంతా చెప్పగానే మేనేజరు తన గది తలుపు మూశాడు. "ఒక్క ఫిర్యాదూ రాలేదుగా! ఎందుకమ్మా కొరివితో తల గోక్కోవడం?"

"మోగని అలారం గురించి ఎవరికి తెలుస్తుంది సార్, ఫిర్యాదు చేయడానికి?"

"సరే, సోల్డరింగులో పొరపాటని రాద్దాం."

గంట క్రితమైతే ఆమె కూడా అదే రాసేది. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. ఆస్పత్రుల జాబితా అందుకుని, మొదటి నంబరుకు ఫోన్ చేసింది.

"మా పంపులు మీ దగ్గర పన్నెండున్నాయి. అన్నీ సరిచూసి సంతకం పెట్టింది నేనే. దయచేసి వాటిని నమ్మకండి."