గోడ మీద బాణం

మా ఊళ్లో పోట్లాటలు కూడా అండీలతోనే జరుగుతాయి. ఆకివీడు నుంచి కొల్లేటి వైపు వచ్చే రోడ్డు మీద, చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు మాది. ఇక్కడ గట్టిగా అరిచేవాళ్లతో పెద్ద ప్రమాదం లేదు. మెత్తగా "మీరు విశ్రాంతి తీసుకోండి" అనేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. రిటైరైన దగ్గర్నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. లెక్కల టీచరుగా బడి వదిలాను, అది నియమం, సరే. మోకాళ్ల నొప్పులని ట్యూషన్లు మానేయమన్నారు ఇంట్లోవాళ్లు, మానేశాను. ఇక మిగిలింది చర్చిలో ఆదివారం ఆరాధనకి పాటలు గోడ మీద చూపించే పని. వెనక బెంచీ పక్కన ఒక కుర్చీ, చిన్న బల్ల, దాని మీద నా సొంత లాప్‌టాప్, పాత ప్రొజెక్టరు, ఎదురుగా నీలిమందు కలిపి సున్నం వేసిన గోడ. ఆ కుర్చీ మాత్రం ఎవరు అడిగినా వదిలేది లేదని ఎప్పుడో అనేసుకున్నాను.

అడిగే రోజు రానే వచ్చింది. ఒక ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన చేస్తుండగా గోడంతా నిండేలా ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. కొత్త సిస్టమ్ వచ్చింది, మీ కంప్యూటరు దానికి పనికిరాదు, మరొకటి కొనుక్కోండి అని దాని సారాంశం. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు కదా, నేనొక్కదాన్నే చూశాననుకుని గబగబా తీసేశాను. ఆరాధన అయ్యాక తెలిసింది, సంఘం మొత్తం చదివేసిందని.

మా సంఘం కార్యదర్శిగారిది చేపల మేత కొట్టు. ఆయన అల్లుడికి తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర కంప్యూటర్ల షాపు ఉంది. మర్నాడే కార్యదర్శిగారు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

"ఏవండీ టీచరుగారూ, ఇంక ఆ పాతదెందుకండీ? అల్లుడుగారు కొత్తది చూసిపెడతానన్నారండి. పాటలన్నీ ముందే ఎక్కించి ఉంటాయట. ఎవరైనా నొక్కేయొచ్చటండి. మీరు హాయిగా ముందు వరసలో కూచుని పాడుకోండి. విశ్రాంతిగా ఉంటది."

హాయిగా అట. ఆ మాటతో నన్ను కుర్చీలోంచి లేపేసినట్టే. పైగా మా వైపు అల్లుడుగారి మాట కాదనడమంటే వడ్డించిన విస్తరి తోసేసినంత తప్పు. పెళ్లయి ఎన్నేళ్లయినా అల్లుడు వస్తే మామగారు లేచి నిలబడతారు. ఆ మర్యాద ఒక్క ఇంటితో ఆగదు, ఊరంతటికీ పాకుతుంది. కాబట్టి సంఘంలో ఒక్కరు కూడా ఆ లాప్‌టాప్ వద్దనరని నాకు తెలుసు. అనాల్సింది నేనే.

ఊరికే వద్దంటే మొండితనం అంటారు. అందుకని నా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, ఆ అల్లుడుగారి షాపులోనే బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"యంత్రం బానే ఉందండి. కొత్త సిస్టమే దీనికి ఎక్కదండి."

"మరొకటేదీ ఎక్కదా అండి?"

"లినక్స్ ఎక్కుద్దండి. ఊరికే దొరుకుద్ది కూడా. ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చండి." అని నవ్వి, "కానీ అది మీలాంటివాళ్లకి కాదండి" అన్నారు.

ఎంతో మర్యాదగా అన్నారు. మీలాంటివాళ్లంటే ఎవరండీ? ఆడవాళ్లా, ముసలివాళ్లా, పల్లెటూరివాళ్లా? నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు ఆ ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో చదివి బయటికి వచ్చారు. వాళ్లకి వచ్చినది నాకెందుకు రాదు? బస్సు ఆకివీడు చేరేదాకా ఆ ఒక్క మాటనే నములుతూ కూర్చున్నాను. దిగేసరికి నిర్ణయం అయిపోయింది.

ఫోనులో తెలుగు వీడియోలు చూడటం మొదలుపెట్టాను. లినక్స్ అంటే ఒకటే సరుకు అనుకున్నాను, కాదట. దాన్ని నడిపించే రాత, అంటే కోడ్, అంతా బయటే పెడతారు, ఎవరైనా తీసుకుని తమకి నచ్చినట్టు దిద్దుకుని మళ్లీ అందరికీ ఇవ్వొచ్చు. అందుకని లెక్కలేనన్ని రకాలున్నాయి. ఒక్కో రకానికి ఒక్కో గుంపు, మాదే సరైన మార్గమని ఒకళ్లతో ఒకళ్లు వాదులాట. మా క్రైస్తవ సంఘాల మధ్య తగాదాలు ఎరిగినదాన్ని, నాకు అదేమీ కొత్తగా అనిపించలేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వీటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లాప్‌టాప్‌లో ఉన్నదాన్ని ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. మొదటిది చూడటానికి మహా సొగసు. తెర మీద కిటికీలు ఊగుతూ తెరుచుకున్నాయి, మూస్తే పొగలా మాయమయ్యాయి. ఆ సొగసుకి నా పాత యంత్రం తట్టుకోలేక, దాని ఫ్యాను చెరువులో నీళ్లకి గాలి కొట్టే ఏరేటరులా మోత పెట్టింది. తీసేశాను. రెండోది నల్లటి తెర, మూల ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉంది. ఏం కావాలో నేనే రాయాలట. క్లాసు నిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఆ గీత ముందు నోరు పెగల్లేదు. అదీ తీసేశాను. మూడోది సాదాసీదాగా ఉంది. కింద ఎడమ మూల నొక్కితే అన్నీ వచ్చాయి. ఇన్నేళ్లూ నా చెయ్యి వెళ్లిన మూల అదే. ఇంక వెతకలేదు.

పాటలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పాత సిస్టమ్ చెరిపేయమంటావా అని అది అడిగినప్పుడు ఔనని నొక్కాను. భయపడ్డాను, నిజమే. నొక్కాక మాత్రం పెద్ద బరువు దిగినట్టయింది.

ఆ తర్వాత దాన్ని నా దారికి తెచ్చుకున్నాను. తెల్లటి వెలుగుకి ముసలివాళ్ల కళ్లలో నీళ్లు కారేవి, అందుకని ముదురు నీలం మీద లేతపసుపు అక్షరాలు పెట్టాను. తెర మీద కదిలే బాణం నా కంటికి సరిగా ఆనేది కాదు, దాన్ని బాగా పెద్దది చేశాను. పక్కన బొమ్మలన్నీ తీసేశాను. అడుగున ఉండే పట్టీ కూడా గోడ మీద కనిపించకూడదని దాచేశాను. బాణం అంచుకి తీసుకెళ్తేనే అది పైకి వస్తుంది. తెలుగు అక్షరాలు మొదట్లో వరస తప్పి గీతలు దాటిపోయాయి, ఒక్కో పాటా కూర్చుని సర్దాను.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు పాటల పేర్లలో చేశాను. మా సంఘంలో ఎవరూ పాటను నంబరుతో అడగరు. కృతజ్ఞత చెప్పుకునే వేళ ఎవరైనా లేచి పాట కోరుకోవచ్చు, అది మా ఆచారం. "మా పెద్దోడి పెళ్లికి పాడారు కదండీ, అది" అంటారు. "మొన్న సమాధి దగ్గర పాడినది" అంటారు. ఇదివరకు ఆ పాటేదో గుర్తుతెచ్చుకుని, నంబరు వెతికి తీసేసరికి ఆలస్యమయ్యేది. ఇప్పుడు వాళ్లు అడిగే మాటే పాట పేరుగా పెట్టేశాను. 'గండి పడ్డప్పటి పాట' అని కూడా ఒకటుంది. ఎప్పుడో కొల్లేటి నీళ్లు పొంగి గట్టు తెగితే ఊరు ఊరంతా టార్పాలిన్ పట్టాలు కప్పుకుని రోడ్డు మీద ఉంది. అప్పుడు మా పెద్దవాళ్లు కట్టుకున్న పాట అది, ఏ పుస్తకంలోనూ లేదు. చేపలమ్మే ఒక ముసలమ్మ పాడుతుంటే విని నేను టైపు చేసుకున్నాను.

సంఘం మీటింగులో చెప్పాను, కోతపండక్కి పాటలు నా లాప్‌టాప్ మీదే వేస్తానని. కార్యదర్శిగారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "అలాగే కానివ్వండి. ఒకవేళ అది ఆగిపోతే మటుకు అల్లుడుగారిది పెట్టేద్దామండి. అక్కణ్నుంచి ఇంక అదే ఉంటది" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను నేను.

కోతపండుగ మాకు పెద్ద పండుగ. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, కోళ్లు, తొట్టెల్లో బతికున్న చేపలు, అన్నీ తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అల్లుడుగారు కొత్త లాప్‌టాప్ బ్యాగుతో వచ్చారు. కార్యదర్శిగారు లేచి తన కుర్చీ ఆయనకిచ్చారు.

అయ్యగారు మొదటి పాట చెప్పారు. ప్రొజెక్టరు తీగ గుచ్చి పాట తెరిచాను. నా లాప్‌టాప్ మీద పాట ఉంది, గోడ మీద ఉత్త నీలం. నేను ఇంట్లో అన్నీ సరిచూసుకున్నాను, ప్రొజెక్టరుతో తప్ప. గోడనీ నా తెరనీ అది పక్కపక్కన రెండు గదుల్లా కలిపేసింది. పట్టీ కోసం బాణాన్ని కింద ఎడమ మూలకి నెడితే అది పక్క అంచు దాటి గోడ మీదికి వెళ్లిపోయింది. నేనే పెద్దది చేసిన బాణం, చెయ్యంత బాణం, సంఘమంతా చూస్తుండగా గోడ మీద దారి తప్పి తిరిగింది.

"ఎక్కడికి పోతందమ్మా అది?" అని ఆ చేపలమ్మే ముసలమ్మ అడిగింది. పిల్లలు నవ్వారు. అల్లుడుగారి బ్యాగు జిప్పు చప్పుడు నాకు వెనక బల్ల దాకా వినిపించింది.

"పోనీలెండి టీచరుగారూ" అంటూ కార్యదర్శిగారు లేచారు.

"కూచోండండి" అన్నాను. బడి మానేశాక ఆ గొంతు మళ్లీ వాడలేదు. ఆయన కూర్చున్నారు. "పల్లవి అందరికీ వచ్చు. చరణాలు నేను అందిస్తాను. పాడండి."

నా చిన్నప్పుడు పాటల పుస్తకాలు ఇంటికొకటి కూడా ఉండేవి కావు. ఒకరు ముందు చరణం చదివి అందిస్తే మిగతావాళ్లు పాడేవాళ్లు. అందించేది ఎప్పుడూ మగవాళ్లే. నేను లేచి నిలబడి అందించాను. ఆ పాటలన్నీ అక్షరం అక్షరం టైపు చేసి సర్దినదాన్ని, నాకు గోడతో పనేముంది? వాళ్లు పల్లవి ఎత్తుకోగానే తీగ పీకేశాను. బాణం నా తెర మీదికి తిరిగొచ్చింది, అంచుకి నెట్టగానే పట్టీ పైకి వచ్చింది. సెట్టింగులు తెరిచి, తీగ మళ్లీ గుచ్చి, రెండింటి మీదా ఒకటే చూపించమని నొక్కాను. రెండో చరణం సగంలో ఉండగా గోడ మీద పసుపు అక్షరాలు వెలిగాయి. ఎవరూ వెనక్కి తిరగలేదు, పాట ఆపలేదు.

కృతజ్ఞత వేళ ముసలమ్మ కర్ర పట్టుకుని లేచింది. "గండి పడ్డప్పటి పాట పెట్టు టీచరమ్మా."

అల్లుడుగారు సాయం చేద్దామని తన లాప్‌టాప్ తెరిచారు. "మొదటి మాట చెప్పండి మామ్మగారూ, వెతుకుతాను."

"మొదటి మాటేంటి బాబూ? గండి పడ్డప్పుడు పాడాం కదా!"

ఆవిడ మాట పూర్తయ్యేలోగానే పాట గోడ మీద ఉంది. ఆవిడకి చదువు రాదు, అయినా కళ్లు గోడ మీదే పెట్టి పాడింది. కార్యదర్శిగారు కూడా పాడారు, గోడ వైపు చూడకుండా. ఆ రోడ్డు మీద పట్టాల కింద పడుకున్న పిల్లల్లో ఆయనా ఒకరు. నాకు కోపం ఇంకా పోలేదు గానీ నేనూ వాళ్లతో గొంతు కలిపాను.

వేలం అయ్యాక మామా అల్లుళ్లిద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు. అల్లుడుగారు తెర మీదికి వంగి చూశారు.

"ఇదంతా మీకు ఎవరు వేసిచ్చారండి?"

"మాలాంటివాళ్లేనండి" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు. "ఆ గండి పాట అల్లుడుగారి దాంట్లో లేదటండి. ఎక్కించి ఇచ్చారంటే, ఇంక మీరు నిశ్చింతగా విశ్రాంతి..."

"పాట ఇస్తానండి, అది అందరిదీ" అన్నాను. "కుర్చీ మాత్రం ఇవ్వనండి."

అల్లుడుగారు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చాపారు. నేను లేవకుండానే అందుకుని పాట ఎక్కించి ఇచ్చాను.