ఆగ్నేయ మూల పొగగొట్టం

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "కరెంటు పని" అంటాను. అది విని పెళ్ళిళ్ళలో ఒకరిద్దరు ఫ్యాను చూసిపెట్టమన్నారు కూడా. నిజానికి మాదాపూర్‌లో ఓ ఏసీ గదిలో కూర్చుని, ప్రపంచం బొగ్గు మానేసి ఎండకీ గాలికీ ఎలా మారుతోందో విదేశీ కంపెనీలకి స్లైడ్లు చేసి పంపుతుంటాను. ఏ సముద్రం మీద గాలిమరలు లేచాయి, సోలార్ పలకల ధర ఏ దేశం వల్ల ఎంత పడిపోయింది, ఇలాంటివి. మన దేశం చిక్కులకి ఒక్కటే స్లైడు. భూమి దొరకదు, లైన్లు చాలవు, అందరూ లైట్లు వేసుకునే వేళకి సూర్యుడు ఇంటికెళ్ళిపోతాడు, పగటి కరెంటు దాచుకుందామంటే బ్యాటరీలు ఖరీదు. నాలుగు వాక్యాలు, పక్కన పసుపు రంగు సూర్యుడు. ఆ సూర్యుడు నవ్వుతూ ఉండాలి. క్లయింటు కోరిక.

బాచుపల్లిలో మేముండే అపార్ట్‌మెంటు ఐదంతస్తులది. పక్కా వాస్తు. నైరుతిలో బరువుండాలి కాబట్టి టెర్రస్ మీద ఆ మూల నీళ్ళ ట్యాంకు కట్టారు. ఈశాన్యంలో బరువుండకూడదు కాబట్టి అక్కడ పూలకుండీ కూడా పెట్టనివ్వరు. ఆగ్నేయం అగ్నిదేవుడిది కాబట్టి కింద ఆ మూలన డీజిల్ జనరేటర్ పెట్టారు. వాచ్‌మన్ ఏ మూలన ఉండాలో శాస్త్రంలో రాయలేదట. మిగిలిన జాగా చూసి అతని గదీ ఆగ్నేయంలోనే కట్టేశారు. గదికి ఒకటే కిటికీ. దానికి నాలుగడుగుల దూరంలో జనరేటర్ పొగగొట్టం, మనిషెత్తు కూడా ఉండదు. ఎండాకాలం పగలు కరెంటు పోయినప్పుడల్లా లిఫ్టు, మోటారు, ఐదంతస్తుల ఫ్యాన్లు తిరుగుతాయి. పొగ మాత్రం ఎక్కడా తిరగదు. నేరుగా కిటికీలోకి వెళ్తుంది.

ఆ గదిలో వాచ్‌మన్, అతని భార్య ఉంటారు. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు. ఆవిడ మా ఇంట్లోనూ, ఇంకో మూడిళ్ళలోనూ పనిచేసేది. రెండో ఎండాకాలానికి దగ్గు పట్టుకుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు గిన్నెలు సగంలో వదిలేసి మా వంటింటి గడప మీద కూలబడింది.

"దవాఖానకి వెళ్ళావా అమ్మా?" అన్నాను.

"పోయిన సార్. ఫొటో తీసిండ్రు. పొగకు దూరముండు, లేకుంటే ఊపిరితిత్తులు ఖరాబైతయన్నడు డాక్టరు." ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు ఆగింది. "నేను దూరంగనే ఉంటున్న సార్. పొగనే మా ఇంటికొస్తున్నది. దానికెవరు చెప్పాలె?"

చెప్పాల్సింది మేమే. ఏం చేయాలో కూడా అందరికీ తెలుసు. పొగగొట్టాన్ని పొడిగించి టెర్రస్ దాకా ఎక్కించాలి. వెల్డర్‌కి రెండు రోజుల పని. కాకపోతే ఆ గొట్టం ఎక్కాల్సిన గోడకి, రెండో అంతస్తులో ఒక్క ఫ్లాటు వాళ్ళ వెనక బాల్కనీ మాత్రమే ఉంది. బట్టలారేసుకునే చోటు. గొట్టం వస్తే వేడి, చప్పుడు, మసి. ఆ ఫ్లాటు వాళ్ళు ఒప్పుకోవాలి.

ఆ ఫ్లాటు మాది.

నేను ఒప్పుకోనని ఎప్పుడూ అనలేదు. అంతకంటే మర్యాదైన పని చేశాను. సోలార్ పెడదామన్నాను.

ఆదివారం సెల్లార్‌లో కార్ల మధ్య కుర్చీలు వేసుకుని అసోసియేషన్ మీటింగు. గోడ మీద ఇరవై స్లైడ్లు చూపించాను. జర్మనీ చెప్పాను, డెన్మార్క్ చెప్పాను. ఆఖరి స్లైడులో వాచ్‌మన్ గది కిటికీ ఫొటో పెట్టి, కింద "ఇక జనరేటర్‌కి సెలవు" అని రాశాను. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నా స్లైడ్లు మంచివే.

సెక్రటరీగారు కాకినాడ నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్. "చాలా బాగుందండి. మరి వాస్తు మాటేంటండి?" అన్నారు.

నాలుగో అంతస్తులో ఉండే కర్నూలు జిల్లా రియల్ ఎస్టేటాయన మధ్యలో అందుకున్నాడు. "మా ఊరి పక్కన కనుచూపు మేర ఈ అద్దాలే ప్పా. గొర్రెలు మేసే చేలన్నీ అద్దాలే. ఆ కరెంటంతా తీగలెక్కి యాడికో పోతాది. మా ఊర్లో మాత్రం ఎప్పటి మాదిరే పోతాంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన జోకు వేయలేదు, సమాచారం చెప్పాడు. అది నాకు నెల తర్వాత తెలిసింది.

వాస్తు సిద్ధాంతి వచ్చి ఫోనులో దిక్సూచి చూసుకుంటూ టెర్రసంతా తిరిగాడు. ఈశాన్యంలో పలకలు కూడదన్నాడు. వాయవ్యంలో పై అంతస్తుల వాళ్ళ బట్టల తీగలున్నాయి, అవి కదలవు. చివరికి దక్షిణం గోడ వెంట, ట్యాంకు పక్కనుంచి ఆగ్నేయ మూల దాకా సన్నగా ఒక వరస మిగిలింది.

"ఇక్కడైతే మధ్యాహ్నం మూడు దాటాక ట్యాంకు నీడ పలకల మీద పడుతుందండీ" అంది బిగించడానికొచ్చిన ఇంజినీరమ్మాయి.

"పడితే ఏముందమ్మా, చల్లగా ఉంటాయి" అన్నారు సెక్రటరీగారు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ట్యాంకు వైపు చూశాను. కొంత కరెంటు పోతుంది, పోనీ అనుకున్నాను. గొట్టం తప్పితే చాలు.

స్విచ్చి వేసిన రోజు పలకలన్నిటికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. వాచ్‌మన్ భార్య మెట్లెక్కలేక లిఫ్టులో వచ్చి, ఆఖరి మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఇగ ఆ మిషిను బందేనా సార్?"

"బంద్ అమ్మా" అన్నాను. ఆఫీసులో కూడా నేనంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. సోలార్‌కి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. మా ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. నాలుగు సెకన్ల తర్వాత కింద జనరేటర్ గుర్రుమంది.

పైకి పరిగెత్తాను. పలకలు మిలమిల మెరుస్తున్నాయి. గోడకి బిగించిన పెట్టెలో ఎర్రలైటు. ఇంజినీరమ్మాయికి ఫోన్ చేశాను.

"అది మామూలే సార్. లైన్లో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. ఆగాలి. లేకపోతే మీ కరెంటు తీగల్లోకి వెళ్ళి, స్తంభం మీద రిపేరు చేసే లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. బ్యాటరీ ఉంటేనే అలాంటప్పుడు వాడుకోగలరు. మీరిచ్చిన కాగితంలో బ్యాటరీ లేదు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"మీరు ఈ రంగంలోనే పనిచేస్తారని సెక్రటరీగారు చెప్పారు సార్. మీకు తెలిసే వద్దన్నారనుకున్నాం."

నేను నా స్లైడ్లలో బ్యాటరీ అన్నచోటల్లా చిన్న ఆకుపచ్చ బ్యాటరీ బొమ్మ పెడుతుంటాను. బొమ్మలో నాలుగు గీతలు, నాలుగూ నిండి ఉంటాయి. అది లేకపోతే ఏం ఆగిపోతుందో తెలుసుకోవాల్సిన అవసరం ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

కిందికి వెళ్తే వాచ్‌మన్ భార్య గేటు బయట రోడ్డు మీద కూర్చుని ఉంది. తల మీద కొంగు, నెత్తిన ఎండ.

"లోపల కంటే ఎండలనే నయముంది సార్" అంది. బంద్ అన్నావు కదా అని అడగలేదు. అడిగితే బాగుండేది.

నాకు కోపం రావడం అరుదు. కోపం రావాల్సిన చోట జోకు వస్తుంది. ఆ వారం మీటింగులో మాత్రం జోకు రాలేదు. ఎందుకంటే నేను తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు. లిఫ్టు కరెంటు బిల్లు తగ్గింది. గేటు మీద "హరిత నివాసం" అని ఆకు బొమ్మతో బోర్డు పెట్టేశారు. బ్యాటరీ కూడా పెడదామని నేనంటే, బ్యాటరీ అగ్నితత్వం, ఆగ్నేయంలోనే ఉండాలని సిద్ధాంతి ఫోనులో తేల్చాడు.

"అక్కడ వాచ్‌మన్ గది ఉంది కదా" అన్నాను.

"ఆ గది ఖాళీ చేయించేద్దామండి" అన్నారు సెక్రటరీగారు, లెక్క కుదిరిన మాస్టారిలా. "అప్పుడు పొగ సమస్యా తీరిపోద్దండి."

ఎవరూ నవ్వలేదు. నిజంగానే తీరిపోతుందని తలలు ఊపారు. ఒక మనిషి ఊపిరి కోసం మొదలైన పని, ఆ మనిషిని తీసేస్తే పూర్తవుతుందని పాతిక మంది చదువుకున్నవాళ్ళు ఆమోదిస్తున్నారు. వాచ్‌మన్ పక్కనే నిలబడి అందరికీ టీ కప్పులు అందిస్తున్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడతో గట్టిగా చెప్పాను. సెక్రటరీని తిట్టాను, సిద్ధాంతిని తిట్టాను, ఆకు బొమ్మని తిట్టాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విని, ఒకే మాట అడిగింది.

"గొట్టం మన బాల్కనీ పక్కనుంచే కదా పోవాలి?"

"అవును."

"మరి ఇన్నాళ్ళూ అందర్నీ డెన్మార్క్ దాకా ఎందుకు తిప్పావు?"

నా దగ్గర జవాబు ఉంది. అందుకే చెప్పలేదు.

మర్నాడు ఒప్పుదల కాగితం రాసి సెక్రటరీగారికిచ్చాను. ఆయన జవాబు కోసం ఆగకుండా వెల్డర్‌ని నేనే తెచ్చాను. రెండు రోజుల్లో గొట్టం టెర్రస్ దాటింది. గది ఖాళీ చేయించే మాట, దానితోపాటు బ్యాటరీ మాటా అటకెక్కాయి. ఇంకో రెండు మూరలు పెంచితే పొగ గాలికి పోయేదే. కానీ నైరుతి ట్యాంకు కంటే ఆగ్నేయంలో ఏదీ ఎత్తుండకూడదని పైనుంచి కబురొచ్చింది. పైనుంచి అంటే సిద్ధాంతి నుంచి. సరే, అక్కడికి ఆపాం.

తర్వాతిసారి కరెంటు పోయినప్పుడు మా బాల్కనీ గోడ అట్లపెనంలా కాలింది. మా ఆవిడ బట్టలన్నీ హాల్లోకి మార్చింది. కింద గది కిటికీ తెరిచే ఉంది. పదిహేను రోజులకి వాచ్‌మన్ భార్య మెట్లెక్కి మా ఇంటికొచ్చింది. మధ్యలో ఒక్కసారే ఆగిందట.

నెల తిరక్కుండానే కొత్త ఫిర్యాదు. గొట్టం పక్కనే సోలార్ పలకలున్నాయి కదా, వాటి మీద మసి పడుతోంది. కరెంటు తగ్గిపోతోంది. పొద్దున్నే వాచ్‌మన్ పైకెళ్ళి, ఎండతో కరెంటు చేసే అద్దాల మీది డీజిల్ మసిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. విదేశాల నుంచి మా క్లయింటు వస్తే చూపించాల్సిన దృశ్యమే.

మీటింగు పెట్టారు.

"పర్యావరణం దృష్ట్యా ఆ గొట్టాన్ని మళ్ళీ కిందికి దించేయాలండి" అన్నారు సెక్రటరీగారు.

"దించితే పర్యావరణం ఆ కిటికీ దగ్గర ఆగిపోతుందా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంకో రెండు మూరలు పైకి పెంచండప్పా, కథ ముగుస్తాది" అన్నాడు కర్నూలాయన.

"ట్యాంకు కంటే ఎత్తవుద్దండి. కుటుంబ పెద్దలకి మంచిది కాదండి."

"కింద ఒకామెకి ఊపిరాడకపోతే అదెవరికి మంచిదంట సామీ?"

గొట్టం దించాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు. నేను, మా ఆవిడ, కర్నూలాయన తప్ప అందరూ ఎత్తారు. ఇబ్బందిగా ఉంటే వాచ్‌మన్‌ని మార్చేద్దామని వెనక వరసలో ఎవరో అన్నారు కూడా. టీ ఇస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

శనివారం పొద్దున వెల్డర్ కట్టర్ పట్టుకుని మా తలుపు దగ్గరకొచ్చాడు. గొట్టం బిగింపులు మా బాల్కనీ నుంచే ఊడతీయాలి. వెనక సెక్రటరీగారు. ఆయన వెనక నిచ్చెన మోసుకుంటూ వాచ్‌మన్. తన ఇంట్లోకి పొగని తిరిగి తెచ్చే నిచ్చెనని అతని చేతే మోయించారు. కళ్ళెత్తి చూడలేదు అతను.

"ఐదు నిమిషాల పనండి. తలుపు తీయండి" అన్నారు సెక్రటరీగారు.

గ్రిల్లు తలుపు తాళం తీయలేదు. లోపలి నుంచి ఒక కాగితం అందించాను. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ. ఒకటే పేజీ, రంగులు లేవు, బాణాలు లేవు. పాత గొట్టం ఎత్తు, కిటికీ దూరం, డాక్టరు మాట, అంతే.

"గొట్టం దిగినా, ఆ గదిలో మనుషులు మారినా, ఇది అదే రోజు వెళ్తుందండి. రెండో కాపీ నా దగ్గరే ఉంది" అన్నాను.

ఆయన నిలబడే రెండుసార్లు చదివారు. "మీరు చదువుకున్నవారు. ఇలా మాట్లాడతారనుకోలేదండి."

"నేనూ అనుకోలేదండి. చాలా ఆలస్యమైంది."

అంతలో కరెంటు పోయింది. కింద జనరేటర్ లేచింది. బాల్కనీ అవతల గొట్టం దడదడలాడింది. వెల్డర్ మెట్ల కిటికీలోంచి ఒంగి చెయ్యి చాపి, వేలికొసతో దాన్ని ఒకసారి తాకి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడు కాదు సార్. కాలుతున్నది. ముట్టుకోలేం" అన్నాడు.

"అవును. ముట్టుకోవద్దు" అన్నాను.