పుక్కిట పట్టిన నీళ్లు

హిందూపురంలో మేముంటున్న వీధి చివర బొరుగుల బట్టీ ఒకటుంది. తెల్లవారగానే దాంట్లోకి చెనక్కాయ పొట్టు ఎగదోస్తారు. కాస్త నూనె, కాస్త మట్టి, కాస్త మాడు కలిసిన ఆ పొగ వాసన కిటికీలోంచి వచ్చి ఆరేసిన బట్టలకు పట్టుకుంటుంది. మున్సిపాలిటీకి అర్జీ పెడదామని ఇరుగుపొరుగు వాళ్లు సంతకం అడిగితే నేనూ పెట్టాను. పొగ పొగే కదా. అయితే ఆ వాసన తగిలినప్పుడల్లా నా కుడిచేతి బొటనవేలు దానంతటదే మడుచుకుంటుంది. దాని మీద ఎవరికి అర్జీ పెట్టాలో తెలియదు.

మాది బెళుగుప్ప దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. ఉగాదికి తిన్న ఓళిగల తీపి నాలుక మీద ఉండగానే ఎండలు ముదిరి, బావులు అడుగంటి, మేకలు కంప చెట్ల కింద తప్ప నిలబడని రోజుల్లో, శెట్టి ఇంటి వెనక కళ్లంలో విత్తనాల చెనక్కాయలు కుప్ప పోసేవారు. ముంగారు వానలు పడేలోపు ఆ కుప్పంతా గింజ కావాలి. వొలిచే పని పిల్లలది. కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టాల మీద వరసగా కూర్చుని, బొటనవేలితో కాయ ముక్కు నొక్కి చిట్లించేవాళ్లం. పొద్దున తిన్న రాగి సంగటి, ఊరిబిండి వాసన వేళ్లకుండేది, మధ్యాహ్నానికి అదిపోయి పొట్టు దుమ్ము వాసన పట్టేది, సాయంత్రానికి బొటనవేళ్లు ఎర్రగా ఉబ్బేవి. ఇంటికి పోగానే మా అవ్వ పసుపూ నూనే రాసి గుడ్డ కట్టేది. దాన్ని కష్టమని ఎవరూ అనుకోలేదు, ఎండాకాలం అంటే అదే అనుకున్నాం.

ఆ కళ్లంలో ఒక కట్టుబాటు ఉండేది. వొలుస్తున్నంతసేపూ నోరు ఆడుతూ ఉండాలి. పాట పాడినా సరే, పక్కదాన్ని తిట్టినా సరే. నోరు ఆగిందంటే గింజ నములుతున్నట్టు లెక్క. దీనికి కాపలా శెట్టి వాళ్లమ్మ. మేమంతా శెట్టమ్మ అనేవాళ్లం. చూపు సరిగా ఆనదు కానీ చెవులు మహా చురుకు. వేపచెట్టు కింద నులక మంచం మీద ఆకువక్క నములుతూ, ఏ గొంతు తగ్గినా పేరు పెట్టి పిలిచేది, ఎక్కువసార్లు నన్నే.

"ఏమ్మే మారెక్కా, నోరు మూతబడెనే! విత్తనాన్ని తింటే రేపు చేన్లో ఏం మొలుస్తాది, నీ తలకాయా?"

ఈ కళ్లంలోకే పాఠాలు చెప్పడానికి వచ్చింది మాబక్క. అసలు పేరు మహబూబీ. వాళ్ల నాయన ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పీర్ల పండగకు వాళ్లింటి తీపి చొంగెలు మా ఇళ్లన్నింటికీ వచ్చేవి, మా ఓళిగలు వాళ్లింటికి పోయేవి. మా ఊళ్లో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. ఎవరూ పంపలేదు, ఎవరూ జీతమివ్వలేదు. మొదట వాళ్ల వసారాలో బడి పెట్టింది. పిల్లలంతా కళ్లానికి పోతున్నారని తెలిశాక ఆమే పలక పట్టుకుని కళ్లానికి నడిచొచ్చింది. ఎందుకొచ్చిన తిప్పలని వాళ్లమ్మ రోజూ సణిగేది. ఆమె సమాధానం ఎప్పుడూ ఒకటే, "ఊరికే కూచుంటే నాకు తోచదు."

శెట్టమ్మతో ఆమె బేరం సులువుగా కుదిరింది. "ఎట్లా నోరు ఆడాల్సిందే కదా అవ్వా, పాటల బదులు పాఠాలు చెప్పిస్తా" అంది. శెట్టమ్మకు గొంతు వినబడితే చాలు, ఆ గొంతు ఏం పలికినా ఆమెకు అభ్యంతరం లేదు. అలా ఎక్కాలు, నదులు, రాజధానులు, పద్యాలు, భిన్నాల కూడికలు అన్నీ మేం కాయ చిట్లే తాళానికి నేర్చుకున్నాం. ఏడో ఎక్కం అందుకుంటే కుప్ప ఎలా కరిగేదో తెలిసేది కాదు. పొట్టు దుమ్మును నేల మీద పరిచి, దాంట్లో వేలితో రాయించేది. రాస్తున్నా పైకి చదవాల్సిందే, లేకపోతే మంచం మీంచి కేక. చేతులూ నోరూ కలిసి కదలడం మాకు అలవాటైపోయింది. అది ముందుముందు ఏం చేయబోతోందో మాబక్కకూ తట్టలేదు.

నేను ఐదో తరగతి పూర్తిచేసే ఏడు వరసగా మూడో కరువు. మా నాయన, అమ్మ కూలికి బెంగుళూరు పోవడానికి సిద్ధమయ్యారు. హాస్టలు బడిలో సీటు కోసం పరీక్ష ఉందని మాబక్క చెబితే నాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "సీటొస్తే ఈడ ఉండు. రాకుంటే మాతో బయలెల్లు, కంకర మోసేదానికి ఇంకో మనిషి అయితాది." కోపంతో అన్న మాట కాదు, ఉన్న లెక్క అది. నేను మాత్రం చాలా భయపడ్డాను. బెంగుళూరు పోయిన మా ఊరి పిల్లలెవరూ మళ్లీ పలక పట్టడం నేను చూడలేదు.

మాబక్క మమ్మల్ని నలుగురిని బస్సెక్కించి పట్నం తీసుకుపోయింది. పెద్ద గది, బల్లలు, గోడ మీద గడియారం. ప్రశ్నలన్నీ వచ్చినవే. రాయడం మొదలుపెట్టాను, నోరు కూడా మొదలుపెట్టింది. "ఎవురికి అందిస్తాండావు పాపా?" అన్నాడు కాపలా సారు. మిగతా ముగ్గురూ అదే పని చేస్తున్నారు కానీ, కసిరితే ఆపారు. నేనూ ఆపాను. నోరు ఆగగానే చెయ్యి ఆగింది. ఏడెనిమిదులు ఎంతో తెలుసు, పైకి అనకపోతే వేళ్ల దాకా దిగదు. మళ్లీ అన్నాను. సారు కాగితం లాక్కుని బయటికి పంపేశాడు.

మాబక్క గుమ్మం దగ్గర ఆయన్ని పట్టుకుంది. "మోసం కాదు సార్. మాకాడ నోరు మూస్తే గింజలు తింటాండామంటారు, అందుకే..."

"గింజలేందమ్మా?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె ఓదార్చలేదు. ఊళ్లో దిగాక వాళ్లింటికి పోకుండా నేరుగా మా ఇంటికొచ్చి, పరీక్షకు వయసు ఇంకో ఏడు మిగిలుందని, ఒక్క ఏడు విడిచిపెట్టమని నాయనను అడిగింది. నాయన చాలాసేపు బీడీ తాగాడు. అవ్వ దగ్గర ఉండొచ్చు, కానీ నా రాగులు నేనే సంపాదించుకోవాలి అన్నాడు. అంటే మళ్లీ కళ్లమే. మిగతా ముగ్గురికీ సీటు రాలేదు.

మరుసటి ఎండాకాలం మాబక్క శెట్టమ్మను కొత్త కోరిక కోరింది. మధ్యాహ్నం కాసేపు పిల్లలు నోరు మెదపకుండా వొలవాలట, మనసులోనే లెక్కలు చేయాలట. శెట్టమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మూసిన నోట్లో ఏముండాదో నాకెట్ల తెలుస్తాదే?"

మాబక్క మర్నాడు ఒక కడవ నీళ్లు మోసుకొచ్చింది. తలా ఒక పుక్కిలి నీళ్లు పట్టించింది. నోట్లో నీళ్లుంటే మాట్లాడలేం, గింజా నమలలేం. ఆఖర్న నీళ్లు నేల మీద ఉమ్మి చూపించాలి. శెట్టమ్మ ఒప్పుకుంది. కష్టం ఇంకోచోట వచ్చింది. ఆ ఎండలో, నాలుక పిడచకట్టిన వేళ, నోట్లో ఉన్న నీళ్లు మింగకుండా ఉండటం గింజ తినకుండా ఉండటం కన్నా కష్టం. మొదట్లో అందరం మింగేశాం. ఆమె తిట్టకుండా మళ్లీ పోసేది. బోరింగు ఊరి బయటుంది, వరస పొడుగ్గా ఉండేది, ఆమె రెండేసి సార్లు పోయేది. మెల్లగా నీళ్లు నిలబడ్డాయి. కాయలు చిట్లే చప్పుడు ఒక్కటే వినిపించే కళ్లాన్ని అప్పుడే మొదటిసారి విన్నాను, నాకు చాలా నచ్చింది.

రెండోసారి పరీక్షకు ఆ పుక్కిలితోనే కూర్చున్నాను. సారు వేరే ఆయన. ఊరి పేరడిగాడు. నేను బుగ్గ చూపించాను. "పన్ను నొప్పా? పాపం, రాసుకో" అన్నాడు. గంట కొట్టేదాకా రాసి, బయటికొచ్చి మాబక్క ఎదుట నీళ్లు ఉమ్మాను. ఆమె నవ్వడం అప్పుడు చూశాను.

మా ఊరి నుంచి నాకొక్కదానికే సీటొచ్చింది. నేను హాస్టలుకు పోయిన ఏడే శెట్టి కాయ వొలిచే యంత్రం తెచ్చాడు. పిల్లల వేళ్లు బాగుపడ్డాయి. కానీ రాగులు సంపాదించని పిల్లల్ని అవ్వల దగ్గర వదిలేసి పోయే స్తోమత ఎవరికుంది? బెంగుళూరు బస్సుల్లో తల్లిదండ్రులతో పాటు పిల్లలూ ఎక్కారు. నాతో నోట్లో నీళ్లు పట్టినవాళ్లంతా అలాగే పోయారు. మాబక్క మళ్లీ వసారాలో చాప పరిచింది. కొన్నాళ్లకు పరచడం మానేసి, పెళ్లి చేసుకుని యాడికి అనే ఊరికి వెళ్లింది.

మొన్న ఊరికి పోయొచ్చాను. కళ్లం లేదు, అక్కడ డ్రిప్పు పైపుల గోడౌను ఉంది. చెనక్కాయ వేసే చేలే తక్కువ. బడి భవనం బాగుంది, బల్లలు ఖాళీగా ఉన్నాయి. తిరిగొస్తూ, చుట్టుదారైనా, యాడికిలో ఆగాను. మాబక్కకు షుగరు, మోకాళ్ల నొప్పులు. టీ ఇచ్చి, మా జట్టువాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో నన్నే అడిగింది. బెంగుళూరు అని తప్ప నాకేమీ తెలియదు. ఆ మాట దాటేయడానికి, నువ్వు చెప్పిన చదువు వల్లే నేనింతదాన్నయ్యానని, ఎప్పటినుంచో అనుకుంటున్నది చెప్పేశాను.

"చదువు అందరికీ వచ్చుండె మారెక్కా. సీటు నీకొచ్చె, అంతే."